గ్యాలరీ గోడ మీద మా బోరు

విశ్వవిద్యాలయంలో నా ఉద్యోగమంతా కొనడమే. సుద్దముక్కల నుంచి సూక్ష్మదర్శినుల దాకా, హాస్టలు బియ్యం నుంచి స్నాతకోత్సవం శాలువాల దాకా కొన్నాను. ఒక్కటీ చెప్పిన ధరకు కొనలేదు. పదవీ విరమణ సభలో వక్తలందరూ నా బేరాల గురించే మాట్లాడారు. నాకు కప్పిన శాలువా కూడా నేను బేరమాడి తెచ్చిన కట్టలోదే కాబట్టి అది ఎంత పలచనో నాకు తెలుసు. ఆ సభలో మర్యాదకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు పనికొస్తుందని అదే రాస్తున్నాను.

కర్నూలు పాతబస్తీలో మాది తాళ్ళు, బొక్కెనలు, గిలకలు అమ్మే అంగడి. గిరాకీ మొహం చూసి ధర చెప్పడం, లేచిపోతున్న మనిషిని గడప దాటకముందే వెనక్కి పిలవడం నాకు అక్షరాలకంటే ముందు వచ్చాయి. ఊళ్ళల్లో బోర్లు పడి బావులు ఎండాక బొక్కెన అడిగేవాళ్ళు లేకపోయారు. అంగడి మూసేశాం. నేను గుమాస్తాగా చేరి స్టోర్స్ సూపరింటెండెంటు దాకా వచ్చాను.

పాత గ్రంథాలయ భవనం ఖాళీ అయినప్పుడు అందులో సైన్సు గ్యాలరీ పెట్టాలని పైవాళ్ళు తీర్మానించారు. చుట్టుపక్కల కుర్రకారు వచ్చి విజ్ఞానాన్నీ కళనూ ఒకచోట చూడాలి, తాకాలి, వాదించుకోవాలి అని తీర్మానంలో ఉంది. దాని బాధ్యత నాకు అప్పగించారు. నాకు సైన్సూ రాదు, కళా రాదు. అద్దాల పెట్టెలు చవగ్గా తెస్తానన్న నమ్మకం తప్ప వేరే కారణం లేదు. తెచ్చాను కూడా.

ప్రారంభానికి ముందు నీళ్ళ సంగతి వచ్చింది. వచ్చే పిల్లలకు తాగడానికి, మరుగుదొడ్లకు బోరు కావాలి. భూగర్భశాస్త్ర విభాగంలో ఒప్పంద పద్ధతి మీద పనిచేసే అధ్యాపకురాలు ఒకామె ఉండేది. కడప పక్కన పల్లె ఆమెది. ఏడాదికోసారి కమిటీ ముందు నిలబడి ఒప్పందం పొడిగించుకుంటే తప్ప ఉద్యోగం ఉండదు. అందరం మేడమ్ అనే పిలిచేవాళ్ళం. చోటు చూపించమని అడిగితే ఆమె ఒక ఆదివారం చర్చి నుంచి ఆ చీరతోనే నేరుగా వచ్చింది. ఇద్దరు విద్యార్థుల చేత నేలలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టించి, తీగలు లాగి, నేలలోకి కరెంటు పంపి యంత్రంలో అంకెలు రాసుకుంటూ మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగింది. మర్నాడు లేఖ ఇచ్చింది. వ్యాయామశాల వెనక మూలన అవకాశం ఉంది, గ్యాలరీ ముందు కింద గట్టి రాయి, అక్కడ వేయవద్దు అని రెండు ముక్కల్లో రాసింది. తర్వాత ఏదో శిక్షణకని వారం రోజులు కడపకు వెళ్ళింది.

ఆ వారంలోనే రెండో శనివారం సెలవు వచ్చింది. క్యాంపస్‌లో నేనూ వాచ్‌మనూ తప్ప ఎవరూ లేరు. కల్లూరులో పని ముగించుకుని వస్తున్న బోరు బండి యజమాని, మా అంగడి రోజుల నుంచి తెలిసినవాడు, గేటు దగ్గర ఆపాడు.

"ఏమప్పా, నీకు బోరు కావాలంటివే. ఈ పూటే అయితే సగం ధరకు ఏస్తా. రేపు పొద్దున బనగానపల్లెలో మామిడితోటలో ఉండల్ల నేను."

మేడమ్ చూపిన మూలకు దారి లేదు. కొత్త హాస్టలు కోసం దించిన నాపబండలు దారికడ్డంగా పేర్చి ఉన్నాయి. వాటిని జరపడానికి రెండు రోజులు పడుతుంది. అదే చెప్పాను.

"యాడో మూలకెందుకు? ఈడ, గ్యాలరీ ముందరే ఏస్తే అయిపాయ. టెంకాయ పెద్దాయన మా బండిలోనే ఉండాడు. చూపిస్తాడు."

సగం ధర అన్నాక నా చెవులకు వేరే మాట ఎక్కదు. పెద్దాయన దిగాడు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, గ్యాలరీ ముందు మెల్లగా నడిచాడు. ఒకచోట టెంకాయ లేచి నిలబడింది. నాలుగు వందల అడుగుల్లో గంగ ఉందన్నాడు. మూడు వందల యాభైలో రాదా అని అడిగాను. అలవాటు.

ఆరు వందల అడుగులు పోయినా బూడిద రంగు దుమ్మే వచ్చింది. నేను చవగ్గా తెచ్చిన అద్దాల పెట్టెల మీదంతా అది పేరుకుంది. పెద్దాయన టెంకాయ సంచిలో వేసుకుని బండెక్కాడు.

ఫైలులో టెంకాయ అని రాయలేను కదా. "భూగర్భశాస్త్ర విభాగం సూచించిన చోట వేయించడమైనది, నీరు పడలేదు" అని రాశాను. మేడమ్ లేఖను ఫైలులో పెట్టకుండా నా బీరువాలో పెట్టాను. చింపేయలేదు. కాగితం చింపే ధైర్యం అంగడి మనిషికి ఉండదు.

కడప నుంచి వచ్చాక ఆమె ఆ గుంత దగ్గర నిలబడి అడిగింది.

"ఈడ వద్దని రాసిచ్చినా కదా సార్?"

"పైవాళ్ళ తొందర మేడమ్" అన్నాను.

ఆ రోజు పైవాడూ లేడు, తొందరా లేదు. తొందరపడింది నేనొక్కడినే.

ఎండిన ఆ బోరుకు క్యాంపస్‌లో "మేడమ్ బోరు" అని పేరు పడింది. ఆమె తనది కాదని చెప్పేది. విన్నవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. అంతకుముందు చుట్టుపక్కల రైతులు చోటు చూపించమని ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. క్రమంగా రావడం మానేశారు. ఇవన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. క్యాంటీన్‌లో "మేడమ్ బోరు" అని ఎవరైనా నవ్వితే నేనూ నవ్విన రోజులున్నాయి.

గ్యాలరీ తెరిచాం. ఎవరూ రాలేదు. నేను కాలేజీల ప్రిన్సిపాళ్ళతో బేరం కుదుర్చుకున్నాను. గ్యాలరీకి వచ్చిన పిల్లలకు వాళ్ళు రెండు రోజుల హాజరు వేయాలి. బస్సుల్లో దిగారు. ఎనిమిది నిమిషాల్లో ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయారు. మా సిబ్బందిని ఎక్కువమంది అడిగిన ప్రశ్న "నీళ్ళు యాడ దొరుకుతాయి సార్?" అభిప్రాయాల పుస్తకంలో ఒకడు "ఫ్యాన్లు బాగున్నాయి" అని రాశాడు. నేను సంతకాలు చూపించి గ్యాలరీ బ్రహ్మాండంగా నడుస్తోందని నివేదిక పంపాను.

అలా వచ్చిన ఒక బస్సులోనే కోసిగి అనే ఊరి అమ్మాయి ఒకతె దిగింది. డిగ్రీ రెండో ఏడు. భూమి పొరల నమూనా ముందు నిలబడిపోయింది. మట్టి, రాయి, దాని కింద చక్కగా నీలం రంగు వేసిన నీళ్ళు. నమూనాలు వివరించడానికి వచ్చి పక్కనే ఉన్న మేడమ్‌ను అడిగింది.

"కింద ఇట్ల నీలంగా ఉంటాయా మేడమ్ నీళ్ళు? మా చేన్లో మూడు బోర్లేసినాం. మూడిట్లోనూ బూడిదే వచ్చినాది. మా అమ్మానాయన సుగ్గికి పోవడం మొదలయ్యింది దాని తర్వాతే."

పని కోసం ఏటా మిరప చేలకు వలస పోవడాన్ని ఆ వైపు సుగ్గి అంటారు. మేడమ్ ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"ఆ బూడిద ఇంకా ఉండాదా?"

"కుప్పగా పడుంది మేడమ్. ఎవురికి కావాల అది?"

"నాకు కావాల. తెస్తావా?"

ఆ అమ్మాయి మరుసటి వారం మూడు గుడ్డ సంచులు తెచ్చింది. ఒక్కొక్క సంచిలో మళ్ళీ చిన్న చిన్న మూటలు. పైన ఎర్రమట్టి, కింద తెల్లది, ఇంకా కింద నల్లపొడి. అది చూసి ఇంకో నలుగురు తమ ఊళ్ళ నుంచి తెచ్చారు. బనగానపల్లె వైపు నుంచి పసుపుపచ్చ పొడి వచ్చింది, కడప వైపు నుంచి నల్లబండ పొడి. ఈ బోర్లన్నీ గోడ మీద బొమ్మగా వేయించాలని మేడమ్ పిలిస్తే, చిత్రకళ నేర్పే ఒక మాస్టారు కడప నుంచి వచ్చి, గ్యాలరీ బయటి గోడను తట్టి చూశాడు. రోడ్డు వైపు ఉండే పెద్ద గోడ అది. ఎదురుగా షేర్ ఆటోలు ఆగుతాయి.

"రంగులు కొనొద్దు సార్" అన్నాడు నాతో. "మట్టే రంగు. జిగురు మాత్రం ఇప్పించండి."

కొనొద్దు అన్న కళాకారుణ్ణి నా సర్వీసులో మొదటిసారి చూశాను. ఆ పూటే ఆయనకు భోజనం పెట్టించాను.

గోడ మీద ఒక్కో బోరుకు ఒక్కో నిలువు పట్టీ. పైనుంచి కిందికి, ఎన్ని అడుగులకు ఏ మట్టి తగిలిందో ఆ మట్టితోనే పూశారు. నీళ్ళు పడ్డచోట మాత్రం నీలం గీత. పట్టీ కింద నాలుగు వరసలు రాశారు: ఊరు, లోతు, చోటు చూపించింది ఎవరు, నీళ్ళు పడ్డాయా. టెంకాయ, వేపపుల్ల, యంత్రం, స్వామి, అల్లుడు, అన్నీ రాశారు. యంత్రం తప్పినవి కూడా దాచొద్దని మేడమ్ పిల్లలకు గట్టిగా చెప్పింది.

"టెంకాయ కూడా అప్పుడప్పుడు నిజమవుతాది కదా మేడమ్?" అని కోసిగి అమ్మాయి అడిగింది ఒకసారి.

"అవుతాది. నీళ్ళు పడితే ఊరంతా చెప్పుకుంటారు. పడకపోతే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందుకే రెండూ పక్కపక్కన రాయల్ల."

బేరంలో నాకు లాభమొచ్చిన కథలే ఇంట్లో చెప్పుకుంటానని, మోసపోయినవి చెప్పనని అప్పుడు గుర్తొచ్చింది.

పది పట్టీలు పూర్తయ్యేసరికి ఆటో కోసం నిలబడ్డవాళ్ళు రోడ్డు దాటి రావడం మొదలుపెట్టారు. కల్లూరు పెద్దమనిషి ఒకాయన రోజూ వచ్చి "మాది యాడ? మాది ఐదు వందల అడుగులు పోయినాది, మాదెందుకు లేదు?" అని పోట్లాడేవాడు. పిల్లలు ఆయన్ను పట్టుకుని వివరాలు రాసుకునేవాళ్ళు. హాజరు బేరం లేకుండానే కాలేజీల పిల్లలు గ్యాలరీ నిండా కూర్చుని, మూటలు విప్పి, భూతద్దాలు పట్టుకుని వాదించుకున్నారు. భూతద్దాలు చాలక నేను మళ్ళీ కొనాల్సి వచ్చింది.

సమీక్ష కమిటీ వస్తోందని కబురు అప్పుడే అందింది. గ్యాలరీ ఉంచాలా, ఆ భవనం పరీక్షల విభాగానికి ఇవ్వాలా అన్నది ఒకటి. మేడమ్ ఒప్పందం పొడిగించాలా వద్దా అన్నది రెండోది. రిజిస్ట్రారు కార్యాలయంలో ఒక పాత గుమాస్తా నాకు టీ తాగుతూ చెప్పాడు.

"ఆయమ్మది ఈసారి కష్టమేన్నా. బోరు ఫైలు బయటికి తీసినారు. చోటు చూపించడం రానామెకు భూగర్భశాస్త్రం పాఠమెట్ల అప్పజెప్పేది అంటాండారు."

టీ సగంలో వదిలేసి లేచాను. అయినా లోపల బేరగాడు ఊరుకోడు. ముందు గ్యాలరీ నిలబడనీ, ఆమెకు తర్వాత గ్యాలరీలోనే ఏదో ఒక పని ఇప్పించొచ్చు, ఇప్పుడు నోరు తెరిస్తే రెండూ పోతాయి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా ఉద్యోగం సంగతి ఆ లెక్కలో చేర్చనట్టు నటించాను.

కమిటీ రావడానికి ముందురోజు కోసిగి అమ్మాయి నా గదికి వచ్చింది. చేతుల నిండా జిగురు.

"సార్, మన యూనివర్సిటీ బోరు కూడా గోడ మీద ఏస్తాండాం. బూడిద దొరికింది, లోతు తెలిసింది. ఎవరు చూపించినారో తెలీలేదు. మేడమ్‌ని అడిగితే స్టోర్స్‌లో అడగమనింది."

"అదెందుకమ్మా? ఊళ్ళ బోర్లు చాలవా?"

"మా ఊర్లో ఎండినవి ఏసి, మీవి ఎయ్యకపోతే ఎట్ల సార్?"

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. "చూడమ్మా, మీకు ఇనుప పరంజా కావాలన్నారు కదా? రేపే తెప్పిస్తా. మీ బ్యాచ్ అంతటికీ బెలుము గుహలకు బస్సు కూడా ఇప్పిస్తా. ఈ ఒక్క పట్టీ వదిలేయండి."

ఆ అమ్మాయి నన్ను కొంచెం సేపు చూసింది. గిరాకీని నేను చూసే చూపు అది.

"ఒక్క పట్టీకి బస్సు ఇస్తాండారంటే, అందులో శానా ఉండాది సార్" అంది.

"ఏమీ లేదు."

"అయితే ఖాళీ పెడతాం. తెలిసినాక రాస్తాం." వెళ్ళిపోతూ తలుపు దగ్గర ఆగి, "బస్సు మాత్రం ఇప్పించండి సార్, ఇస్తానన్నారు కాబట్టి" అంది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెబితే, "ఆ పిల్లను మన అంగట్లో కూర్చోబెట్టి ఉంటే మూతపడేది కాదు" అంది.

మర్నాడు పొద్దున పది గంటలకు కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు, వెంట రిజిస్ట్రారు. అధ్యక్షుడు బయటి విశ్వవిద్యాలయంలో రిటైరైన ఆచార్యుడు. గోడ పొడుగునా ఒక్కొక్క పట్టీ దగ్గర ఆగి, పిల్లలను అడిగి, తలూపుతూ నడిచాడు. కల్లూరు పెద్దమనిషి ఆయన్ను కూడా వదల్లేదు, తన బోరు చూపించి కథంతా చెప్పాడు. చివరి పట్టీ దగ్గరికి వచ్చారు. పైనుంచి కింది దాకా బూడిద. కింద: విశ్వవిద్యాలయం, ఆరు వందల అడుగులు, చూపించింది అన్నచోట ఖాళీ, నీళ్ళు పడలేదు.

"ఇది ఎవరు చూపించారు?" అన్నాడు అధ్యక్షుడు.

"మా జియాలజీ వాళ్ళేనండీ" అన్నాడు రిజిస్ట్రారు. "ఈ మేడమే."

మేడమ్ గొంతు పెద్దది చేయలేదు. "నేను చూపించింది వ్యాయామశాల వెనకండీ. ఇక్కడ వద్దని రాసిచ్చాను."

"ఫైలులో అలా లేదమ్మా."

"లేకపోవచ్చు. రాసిచ్చింది నిజం."

ఆమె పట్టీ వైపే చూస్తూ నిలబడింది. నా వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణేమో. కోసిగి అమ్మాయి కుంచె జిగురు కలిపిన మట్టిలో ముంచి, ఖాళీ దగ్గర పెట్టి, నా వైపు తిరిగింది.

"ఏం రాయమంటారు సార్?"

అంత మంది ముందు నాకు బేరం ఒక్కటీ తట్టలేదు.

"టెంకాయ అని రాయమ్మా" అన్నాను.

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత కల్లూరు పెద్దమనిషి నవ్వాడు. రిజిస్ట్రారు నవ్వలేదు. రెండో శనివారం, సగం ధర, బండిలోంచి దిగిన పెద్దాయన, ఫైలులో నేను రాసిన వాక్యం, అన్నీ చెప్పాను. లేఖ ఏదని అడిగారు. నా గదికి వెళ్ళి బీరువాలోంచి తెచ్చి ఇచ్చాను. అధ్యక్షుడు చదివి, వ్యాయామశాల ఎటువైపని మాత్రం అడిగాడు.

గ్యాలరీ నిలబడింది. మేడమ్ ఒప్పందం పొడిగించారు. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆగినదాన్ని గురించి నేను బేరమాడలేదని మా ఆఫీసులో ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత నాపబండలు జరిపి మేడమ్ చెప్పిన చోట వేయించారు. కొద్దిగా నీళ్ళు పడ్డాయి, వేసవిలో చాలవు. పిల్లలు ఆ పట్టీ కూడా గోడ మీద వేసి, నీలం గీతను సన్నగానే గీశారు.

నేను రాయాలనుకున్నది ఇక్కడితో అయిపోతే బాగుండేది. కమిటీ వెళ్ళిన రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో నాకు టీలు ఎవరెవరో ఇప్పించారు. అంత మంది ముందు తప్పు ఒప్పుకున్నాడని, పెద్ద మనసని మెచ్చుకున్నారు. నాకు బాగానే ఉంది. మర్నాడు మేడమ్ నా గదికి వస్తే ఆమె కూడా అదే చెప్పడానికి వచ్చిందనుకుని కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మీ మంచితనం గురించి క్యాంటీన్‌లో చెప్పుకుంటాండారు సార్. నాకు చోటు చూపించడం రాదని చెప్పుకున్న క్యాంటీనే అది. అప్పుడు మీరూ ఆడే టీ తాగుతాంటిరి."

నేను కుర్చీని మళ్ళీ బల్ల కిందికి తోశాను.

"నిన్న చెప్పిందంతా కాగితం మీద రాసియ్యండి. ఇంకో చోట ఉద్యోగానికి పోయినా ఫైలులో మీరు రాసిన మాట నా వెనకే వస్తాది."

రాశాను. "భూగర్భశాస్త్ర విభాగం సూచించిన చోటు అని పొరపాటున నమోదు చేయడమైనది" అని మొదలుపెట్టాను. ఆమె నిలబడే చదివింది.

"'పొరపాటున' తీసేయండి సార్."

"ఆఫీసు భాష మేడమ్. అలాగే రాస్తాం."

"పొరపాటు కాదు కదా."

"'తొందరలో' అని పెడతాను."

"వద్దండి."

"'పని ఒత్తిడి వల్ల'?"

"ఒత్తిడి మీకా సార్, నాకా?"

ఇంత చదువుకున్న మనిషి ఒక్క మాట దగ్గర ఇంత పట్టుదల పట్టడమేమిటని లోపల విసుక్కున్నాను. పదిమందిలో చెప్పేశాను, ఇంకా ఏం కావాలి అనిపించింది. కాగితం ఆమె ముందుకు తోసి, "మీరే చెప్పండి, ఏం రాయమంటారు?" అన్నాను. అది మా అంగట్లో గిరాకీ దిగివస్తాడని అనే మాట. దిగిరాలేదు.

"తెలిసి అని రాయండి."

ఫ్యాను కింద ఆ కాగితం ఎగిరిపోకుండా వేలితో పట్టుకుని నిలబడింది. నేను కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాను. కొత్త కాగితం తీసుకుని మొదటి నుంచి రాశాను. "తెలిసి నమోదు చేయడమైనది." సంతకం చేసి ఆఫీసు ముద్ర వేశాను. ఆమె పూర్తిగా చదివి, ముద్ర ఒక పక్క సరిగ్గా పడలేదని ఇంకోసారి వేయించుకుని వెళ్ళింది.